హంబోల్టుని పర్వతము

1807వ సంవత్సరమున పారిస్ నగరమునందు ఒక చిన్న గ్రంథము, దానితోకూడ ఒక పెద్ద రంగుల పటము వెలువడెను. పటముపై ఒక పర్వతము చిత్రింపబడియున్నది. దాని వెనుక మరియొక శిఖరము పొగ క్రక్కుచున్నది. ముందున్న పర్వతము ఒక ప్రక్క సాధారణ చిత్రములలో వలెనే క్రింద పచ్చని అడవులతోను, మీద తెల్లని మంచుతోను కనబడును. రెండవ ప్రక్క మాత్రము కత్తితో పండును కోసినట్లు నిలువున కోయబడినది. ఆ కోతమీద బొమ్మకు బదులు అక్షరములు క్రిక్కిరిసియున్నవి. అవి యన్నియు మొక్కల పేర్లు. ఏ మొక్క సముద్రమట్టమునకు ఎంత ఎత్తున పెరుగునో సరిగా ఆ ఎత్తుననే దాని పేరు వ్రాయబడినది. పటమునకు ఇరువైపుల నిలువు గడులు కలవు. ఆయా ఎత్తులయందు గాలి బరువెంత, వేడిమి యెంత, తేమ యెంత, నీరు ఎంత వేడికి మరుగును, ఆకాశము ఎంత నీలముగా నుండును, ఏ పంటలు పండును, ఏ జంతువులు తిరుగును అను వివరములు వానిలో పొందుపరుపబడినవి.

కొండ యెక్కినకొలది చెట్టు చేమ మారునని నేడు పాఠశాల విద్యార్థియు నెరుగును. ఆ యెరుకకు కంటికి కనబడు రూపమును కల్పించిన పటమిది. దీనిని కల్పించినవాడు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్టు. పటములోని పర్వతము దక్షిణ అమెరికాలో, భూమధ్యరేఖకు కొలది దూరమున నున్న చింబొరాజో అగ్నిపర్వతము. కాని ఆ పటమున పేరు ఒక కొండది, పై భాగపు మొక్కలలో పెక్కు మరియొక కొండవి. ఈ సంగతి లోకమునకు తేటతెల్లమగుటకు రెండువందల సంవత్సరములకు పైగా పట్టినది.

హంబోల్టు 1769 సెప్టెంబరు 14వ తేదీన బెర్లినులో జన్మించెను. తండ్రి ప్రష్యా రాజు కొలువులోనివాడు. కుమారునికి పదియేండ్లు నిండు నాటికి గతించెను. తల్లి సంపన్నురాలు, క్రమశిక్షణ మిక్కుటముగా గలది, మాట తక్కువ మనిషి. అన్న విల్‌హెల్మ్ పుస్తకములలో మునిగియుండగా తమ్ముడు టెగెల్ గ్రామములోని తమ భవనము చుట్టును తిరిగి ఆకులు, పురుగులు, గవ్వలు, రాళ్ళు ఏరి తెచ్చి గదిలో నింపెడివాడు. ఇంటివారు అతనిని చిన్న మందులవాడని ఎగతాళి చేసిరి. తల్లి కోరిక వేరు. కొడుకులిరువురును ప్రభుత్వోద్యోగులు కావలెనని ఆమె పట్టుదల. ఆమె మాట కాదనలేక అతడు వర్తక శాస్త్రము, పిమ్మట ఫ్రైబెర్గులో గనుల శాస్త్రము అభ్యసించెను. 1792లో గనుల తనిఖీ ఉద్యోగియై, భూగర్భమున దీపపు వెలుగున పెరుగు బూజు మొక్కలను పరీక్షించి 1793లో వానిపై ఒక గ్రంథమునే ప్రకటించెను. వెలుతురు లేనిచోట సైతము మొక్కను వెదకుట అతని స్వభావము.

ఈలోగా ఇరువురు మనుష్యులు అతని మనసును దూరదేశములవైపు మరలించిరి. మొదటివాడు వృక్షశాస్త్రజ్ఞుడగు విల్‌డెనో. అతడు బెర్లినులో హంబోల్టునకు మొక్కల పేర్లు నేర్పినాడు. రెండవవాడు జార్జి ఫోర్‌స్టర్. కెప్టెన్ కుక్ ఓడలో ప్రపంచము చుట్టివచ్చినవాడు. 1790లో ఫోర్‌స్టరుతో కలిసి ఇంగ్లండు పోయి వచ్చినది మొదలు హంబోల్టునకు గనులలో కాలు నిలువలేదు. అయినను తల్లి జీవించియున్నంతవరకు కదలలేదు. 1796 నవంబరులో ఆమె మరణించెను. కొడుకులిరువురును అంత్యక్రియలకు పోలేదని చెప్పుదురు. వాటాగా వచ్చిన ఆస్తితో అతడు ఉద్యోగము వదలి, యంత్రములు కొనసాగెను: భారమితులు, ఉష్ణమాపకములు, దూరదర్శినులు, ఆకాశపు నీలిమను కొలుచుటకు నీలివన్నెల మెట్లు గీసిన ఒక అట్టచక్రము. ఆకాశపు రంగును కూడ అంకెలలోనికి దింపబూనిన మనిషి అతడు.

పారిస్ లో అతనికి ఎమే బోన్‌ప్లాన్ పరిచయమయ్యెను. అతడు హంబోల్టు కంటె నాలుగేండ్లు చిన్న. వైద్యము చదివినవాడు, వృక్షశాస్త్రమున గట్టివాడు, ఎట్టి కష్టమునకైనను నవ్వుచు నోర్చువాడు. హంబోల్టు పేరు విన్నవారందరు ఈతని పేరును విని యుండవలసినది, వినలేదు. వారిరువురు పోదలచిన యాత్రలు యుద్ధముల కారణమున ఒకదానివెంట ఒకటి తప్పిపోయెను. తుదకు స్పెయిన్ రాజు నాలుగవ కార్లోస్ తన అమెరికా రాజ్యములలో స్వేచ్ఛగా తిరుగుటకు వారికి అనుమతి పత్రము నొసగెను. పరదేశీయులకు అట్టి యనుమతి లభించుట అరుదు. ఖర్చు సమస్తము హంబోల్టుది.

1799 జూన్ 5వ తేదీన వారి ఓడ స్పెయిన్ తీరమును విడిచెను. దారిలో టెనెరిఫ్ దీవి తగిలినది. అక్కడి టెయిదే అగ్నిపర్వతమును ఎక్కునపుడు హంబోల్టు ఒక విషయము గమనించెను. అడుగున ద్రాక్షతోటలు, వానిపైన నిత్యహరితములైన చెట్ల అడవి, దానిపైన దేవదారు జాతి వృక్షములు, ఆపైన రెటామా యను పొద, అటుపై గడ్డి. మెట్లు కట్టినట్లుగా మొక్కలు మారుచున్నవి. ఈ మాట చెప్పినవారిలో అతడు మొదటివాడు కాడు. అతనికి నూరేండ్ల క్రిందటనే టూర్నెఫోర్ అను ఫ్రెంచి పండితుడు అరారాటు కొండపై ఇట్టి మార్పునే వర్ణించియున్నాడు. హంబోల్టు చేసినది వేరు: ప్రతి మెట్టు దగ్గరను భారమితిని నిలిపి ఎత్తును కొలిచినాడు.

జూలై 16న వారు కుమానా రేవున దిగిరి. 1800లో ఒరినోకో నదిమీద పడవలో చేసిన ప్రయాణము ఒక్కటియే ఒక పురాణమగును. దోమలు, మొసళ్ళు, విద్యుత్తుతో కొట్టు చేపలు, ఆ నదికిని అమెజాను నదీ వ్యవస్థకును నడుమనున్న సహజమైన కాలువ — వీనినన్నిటిని ఇచట విడిచిపెట్టక తప్పదు. మొక్కల కథకు కావలసిన ముచ్చట ఒకటి కలదు. ఆ అడవి తేమలో ఎండబెట్టిన మొక్కలు బూజుపట్టెను, పురుగులు తినివేసెను, బోన్‌ప్లాన్ రేయింబవళ్ళు ఆరబెట్టుచు, కాగితములు మార్చుచు ఎన్ని పాట్లు పడినను చాలభాగము నశించెను. మిగిలిన దానిని వారు వేరువేరు ఓడలలో పంపుచుండిరి, ఒకటి మునిగినను మరియొకటి దక్కునని.

1801లో వారు బొగోటా చేరిరి. సముద్రమార్గమున సులభముగా పోవుటకు వీలున్నను కొండదారి పట్టుటకు కారణము ఒక వృద్ధుడు: సెలెస్టినో ముటిస్. 69 యేండ్ల ఆ మతాచార్యుడు ఆ దేశపు మొక్కలను దశాబ్దములుగా శోధించి, చిత్రకారులనుంచి వేలకొలది వర్ణచిత్రములు వ్రాయించుచుండెను. అతని పుస్తకశాలను, చిత్రములను చూచి హంబోల్టు ముగ్ధుడయ్యెను.

అచటినుండి దక్షిణముగా పోవుచుండగా, 1801 డిసెంబరు కడపటి దినమున ఇబర్రా పట్టణమున ఒక యువకుడు వారిని కలిసికొనుటకై ఎదురు వచ్చెను. అతని పేరు ఫ్రాన్సిస్కో హోసే ది కాల్డాస్, పోపయాన్ నగరవాసి, హంబోల్టు కంటె ఒక యేడు పెద్ద. చేతిలో మంచి యంత్రములు లేవు, చదువుటకు చాలినన్ని గ్రంథములు లేవు. ఒకనాడు అతని ఉష్ణమాపకము విరిగెను. దానిని బాగుచేసికొను ప్రయత్నమున అతడు ఒక సత్యమును కనుగొనెను: నీరు మరుగు వేడిమినిబట్టి కొండ ఎత్తును కొలువవచ్చునని. అంతియే కాదు. ఏ మొక్క ఏ ఎత్తున పెరుగునో అతడును వ్రాసికొనుచుండెను. కొండల కోతలు గీసి వానిమీద మొక్కలను నిలుపుచుండెను. మహాసముద్రమునకు ఆవలినుండి వచ్చిన ధనికుడు, ఈవలి పేదవాడు ఒకే యాలోచనను మోసికొని ఒకే దారిలో ఎదురుపడిరి.

కాల్డాస్ లెక్కలను చూచి హంబోల్టు మెచ్చుకొనెను. కాల్డాస్ ఆశలు మిన్నంటెను. యాత్రలో తననుకూడ తోడుకొని పొమ్మని కోరెను. ముటిస్ ధనసహాయము చేయుటకు సిద్ధపడెను. హంబోల్టు ఒప్పుకొనలేదు. పైగా క్విటో నగరపు ప్రభువుల యింటి కుర్రవాడు, శాస్త్రజ్ఞుడు కాని కార్లోస్ మోంటూఫారును వెంట తీసికొనెను. కాల్డాస్ హృదయము విరిగెను. హంబోల్టు నిరాకరణకు కారణము లేమైనను, అందువలన శాస్త్రమునకు కలిగిన నష్టము స్వల్పము కాదు. 1803లో కాల్డాస్ భూమధ్యరేఖ సమీపమున పండు పంటమొక్కల ఎత్తులను గూర్చి ఒక వ్యాసము వ్రాసి ముటిసునకు పంపెను. యూరపులో దానిని చదివినవారు లేరు.

1802 జనవరిలో యాత్రికులు క్విటో చేరిరి. ఆ పట్టణము అగ్నిపర్వతముల నడుమ కూర్చున్నది. అయిదేండ్ల క్రితమే, 1797లో, భయంకరమైన భూకంపము ఆ ప్రాంతమును నేలమట్టము చేసియుండెను. హంబోల్టు ఒక్కొక్క కొండనే ఎక్కనారంభించెను. పిచించా అగ్నిబిలపు అంచున పడుకొని లోనికి తొంగిచూచెను. మార్చి నెలలో అంటిసానా పర్వతమునకు పోయిరి. దాని యొడిలో సుమారు 4,100 మీటర్ల ఎత్తున ఒక పశువుల కొష్టము, ఒక యిల్లు కలవు. అక్కడ మకాము చేసి పై వాలులమీద మొక్కలు సేకరించిరి. పెనుగాలిలో 5,400 మీటర్ల వరకు ఎక్కిరి. ఈ అంటిసానాను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

1802 జూన్ 23. చింబొరాజో. సముద్రమట్టమునకు 6,263 మీటర్ల ఎత్తున వెలుగు ఆ మంచు గుమ్మటమును ప్రపంచమునందలి కొండలన్నిటికంటె ఉన్నతమని ఆనాడు యూరపువారు నమ్ముచుండిరి. హిమాలయ శిఖరముల కొలతలు వారికింకను చేరలేదు. ముందటి రాత్రి కాల్పి గ్రామమున గడపి, హంబోల్టు, బోన్‌ప్లాన్, మోంటూఫార్, కొందరు ఇండియను కూలీలు బయలుదేరిరి. సుమారు 5,000 మీటర్ల దగ్గర కూలీలు ఆగిపోయిరి. ఒక్కడు మాత్రము, సమీపపు శాన్ హువాన్ గ్రామమునకు చెందిన మిశ్రజాతీయుడు, వెంట నడచెను. అతని పేరును ఎవరును వ్రాసియుంచలేదు.

దారి యనగా ఇరుకైన రాతిగట్టు. కొన్నిచోట్ల జానెడు వెడల్పును లేదు. ఒక ప్రక్క నునుపైన మంచు, రెండవ ప్రక్క లోతు కనబడని పల్లము. చేతులతో ప్రాకవలసివచ్చెను. పదునైన రాళ్ళు చేతులను కోసెను. హంబోల్టు కాలికి అంతకుముందే పుండు. పొగమంచు క్రమ్మెను. గాలి పలుచనై అందరికిని వమనభావము, తలతిరుగుడు మొదలయ్యెను. పెదవులనుండి, చిగుళ్ళనుండి నెత్తురు కారెను, కన్నులెర్రవడెను. ఇంతలో మంచుతెర విచ్చుకొని శిఖరము ఒక్క క్షణము కనబడెను. దాని వెంటనే కనబడినది దాటరాని అగాధము. అక్కడనే భారమితిని నిలిపి చూచిరి. లెక్క కట్టగా సుమారు 5,880 మీటర్లు వచ్చినది. అంతవరకు అంత ఎత్తున కొండమీద నిలిచినట్లు వ్రాతమూలకముగా తెలిసిన మానవుడు లేడు. శిఖరము మాత్రము 1880లో ఎడ్వర్డు వింపర్ అడుగిడువరకు అంటరానిదిగనే యుండెను.

దిగునపుడు వడగండ్లు పడెను, పిమ్మట మంచు కురిసెను. వారు అక్కడినుండి తెచ్చినవి ముఖ్యముగా రాళ్ళు. చింబొరాజో తునక యొకటి ఇమ్మని యూరపులో అందరు అడుగుదురని హంబోల్టు ముందే యూహించి జేబులు నింపుకొనెను. మొక్కలు బహు స్వల్పముగానే దొరకెను.

ఇట్టి కొండలమీద మొక్కలు మెట్లుమెట్లుగా నిలుచుటకు కారణమేమి? ఎత్తు వేయి మీటర్లు పెరిగినచో వేడిమి సుమారు ఆరు డిగ్రీలు తగ్గును. ఇది ఎక్కడనైనను జరుగునదియే. ఆల్ప్స్ కొండలమీద ఎండకాలము, చలికాలము మారుచుండుటచే ఒకేచోటనున్న మొక్క ఏడాదిలో రెండు మూడు శీతోష్ణములను చవిచూడవలసియుండును. భూమధ్యరేఖ దగ్గర ఋతువులు లేవనియే చెప్పవచ్చును. అచట ఒక్కొక్క ఎత్తునకు ఒక్కొక్క శీతోష్ణస్థితి. అది ఏడాది పొడుగునను ఇంచుమించు మారదు. మార్పంతయు పగటికిని రాత్రికిని నడుమనే జరుగును. మధ్యాహ్నము ఎండ మాడ్చును, రాత్రి నీరు గడ్డకట్టును. అందుచేత ప్రతి మొక్కయు తన మెట్టును అంటిపెట్టుకొని, పైమెట్టునకు గాని క్రిందిమెట్టునకు గాని సులభముగా పోజాలదు. సముద్రతీరమునుండి మంచు వరకు రెండు మూడు దినముల ప్రయాణములో భూమధ్యరేఖనుండి ధ్రువము వరకు నడచినంతటి మార్పు కనబడును.

హంబోల్టు పటములో అడుగు మెట్టు తాళవృక్షములది, అరటి కుటుంబపు మొక్కలది. దానిపైన చెట్టంత ఎత్తుగా పెరుగు ఫెర్నులు, సింకోనా చెట్లు. అటుపై ఓక్ వృక్షములు, పిదప పొదలు. చెట్లు అంతరించినచోట పారామో యను చలి మైదానము మొదలగును. అక్కడి మొక్కలు చలికాలపు బిచ్చగాండ్రవలె ఉన్ని కప్పుకొనియుండును: ఆకులనిండ తెల్లని నూగు. కొన్ని నేలకు కరచుకొని, కాలు మోపినను అణగని గట్టి దిండ్లవలె పెరుగును. చుకిరాగా అను ముళ్ళపొద నారింజరంగు పూవులు పూయును. ఆ చలిలో సైతము ఒక హమ్మింగు పక్షి వానిలోని తేనె త్రాగి బ్రతుకును. 4,100 మీటర్లనుండి 4,600 వరకు గడ్డి రాజ్యమని హంబోల్టు వ్రాసెను. ఆపైన మన వంటలలో వేయు రాతిపూవునకు చుట్టములైన లైకెన్లు రాళ్ళనంటి యుండును. 4,800 దగ్గర నిత్యహిమము.

ఈ అగ్నిపర్వతములకు మరియొక విశేషము కలదు. ఒక్కొక్క శిఖరము క్రిందనున్న వెచ్చని అడవుల సముద్రములో ఒక చల్లని దీవి. దీవులలో వలెనే వీనిమీదను క్రొత్త జాతులు త్వరగా పుట్టును. ఆండీసు కొండలు ఎక్కిన లూపిను యను చిక్కుడు కుటుంబపు మొక్క సుమారు పదునైదు లక్షల సంవత్సరముల లోపలనే ఎనుబదికి పైగా జాతులుగా చీలినదని 2006లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. భూగోళ చరిత్రలో ఇది రెప్పపాటు కాలము. హంబోల్టునకు ఈ సంగతి తెలియదు. జాతులు ఎట్లు పుట్టునను ప్రశ్నను అతడు తాకి తాకనట్లు విడిచెను. దానిని చేపట్టినవాడు అతని యాత్రాగ్రంథమును ఓడలో దగ్గర పెట్టుకొని చదివిన డార్విను.

1803 ఆరంభమున గ్వయాకిల్ రేవున ఓడకై వేచియుండగా హంబోల్టు పటము మొదటి చిత్తు గీసెను. మెక్సికో, క్యూబా, అమెరికా సంయుక్త రాష్ట్రములు చూచుకొని 1804 ఆగస్టున ఫ్రాన్సులో దిగెను. సుమారు 6,000 జాతులకు చెందిన 60,000 మొక్కల నమూనాలు వారి వెంట వచ్చెను. మూడేండ్లకు పటము, గ్రంథము వెలువడెను. గ్రంథము ముఖపత్రముమీద బోన్‌ప్లాన్ పేరునుకూడ హంబోల్టు ముద్రింపించెను. ఇది ఉచితమైన పని. అయినను లోకము ఒక్క పేరునే చదివినది. జర్మను ప్రతిని అతడు మహాకవి గోథేకు అంకితమిచ్చెను. గోథేకు చేరిన పుస్తకములో పటము లేదు. కవి ఆగలేక, పుస్తకము చదివి తానే ఒక పర్వతచిత్రమును గీసికొనెను.

పటమునకు కారకులైన తక్కినవారి గతి విచారకరము. స్పెయిను దాస్యమును వదల్చుకొను పోరాటములో చేరినందుకు కార్లోస్ మోంటూఫారును 1816లో స్పెయిను సేనలు కాల్చిచంపెను. అదే సంవత్సరము అక్టోబరులో బొగోటాలో కాల్డాసునకు అదే శిక్ష విధింపబడెను. బోన్‌ప్లాన్ కొంతకాలము జోసెఫిను మహారాణి ఉద్యానములను పాలించి, ఆమె మరణానంతరము దక్షిణ అమెరికాకు తిరిగిపోయెను. 1821లో పరాగ్వే నియంత ఫ్రాన్సియా సైనికులు అతనిని పట్టుకొనిపోయిరి. విడుదలకై హంబోల్టు ఎన్నో లేఖలు వ్రాసినను ఫలింపలేదు. ఎనిమిదేండ్లు గడచిన పిమ్మట చెర వీడినను అతడు యూరపునకు మరలి రాలేదు. 1858లో దక్షిణ అమెరికాలోనే కన్నుమూసెను. వారు తెచ్చిన మొక్కల వర్ణనను హంబోల్టు చిన్ననాటి గురువు బంధువగు కుంత్ అను యువకుడు చేపట్టి 1825 నాటికి ఏడు సంపుటములలో ముగించెను.

హంబోల్టు పారిస్ లో ఇరువదియేండ్లకు పైగా నివసించి యాత్రాగ్రంథములు ముద్రించుచు ఆస్తినంతయు వాని కర్పించెను. 1817లో సమానోష్ణరేఖలతో భూగోళపటము గీయుట నేర్పెను. బానిసత్వమును తీవ్రముగా ఖండించెను. హిమాలయములు చూడవలెనని అతని తీరని కోరిక. చింబొరాజోతో పోల్చుటకు మరియొక మహాపర్వతము కావలెను గదా! లండను పోయి ఈస్టిండియా కంపెనీవారిని అర్థించెను. ప్రష్యా రాజు ధనమిచ్చుటకు అంగీకరించెను. కంపెనీవారు అనుమతి ఈయలేదు. స్పెయిను వలసపాలనను ఎండగట్టిన కలము తమ పాలననుగూడ ఎండగట్టునని వారు జంకిరని పలువురి తలంపు. ఆ విధముగా భరతఖండము అతనికి కనబడకపోయెను. చింబొరాజో మాత్రము ఒక విధముగా ఇచటికి వచ్చినది: 1860లో రిచర్డు స్ప్రూస్ ఆ పర్వతపు పడమటి వాలుల అడవులలో సేకరించిన ఎర్రబెరడు సింకోనా గింజలు, మొక్కలు ఆ మరుసటి సంవత్సరము నీలగిరులకు చేరి, ఉదకమండలము తోటలలో మలేరియా మందుకై పెంపబడెను.

1827లో ధనము కరగిపోయి అతడు బెర్లినునకు తిరిగివచ్చి రాజు కొలువున చేరక తప్పలేదు. అక్కడ సామాన్యులకు, స్త్రీలకు సైతము ఉచితముగా ఉపన్యాసములిచ్చెను. 1829లో, అరువది నిండు యేట, రష్యా గుండ సైబీరియా వరకు పోయి హిమాలయములకు ఈవలినుండియే వెనుదిరిగెను. 1845 మొదలు తన జ్ఞానమునంతయు కోస్మోస్ అను మహాగ్రంథముగా సంపుటములు వెలువరింపసాగెను. అయిదవ సంపుటము పూర్తిగాక మునుపే, 1859 మే 6వ తేదీన, తొంబదవ యేట మరణించెను. పెండ్లి లేదు, బిడ్డలు లేరు. ఉన్న కొద్దిపాటి సామగ్రిని తన సేవకునికి వ్రాసియిచ్చెను.

పటము మాత్రము బ్రతికియున్నది. 2012లో కొందరు శాస్త్రజ్ఞులు చింబొరాజో ఎక్కి మొక్కలను మరల లెక్కించిరి. హంబోల్టు నాటికంటె మొక్కల మెట్లు 500 మీటర్లకు పైగా మీదికి జరిగినవనియు, భూమి వేడెక్కుటయే ఇందులకు ముఖ్యకారణమనియు 2015లో ప్రకటించిరి. వార్త లోకమంతట ప్రాకెను. ఫ్రాన్సు, ఈక్వడారు దేశములకు చెందిన మరికొందరు పండితులకు సందేహము కలిగెను. వారు హంబోల్టు దినచర్య పుస్తకములను, ఎండిన మొక్కల పత్రములను ఒకటొకటిగా సరిచూచిరి. చెట్ల హద్దునకు పైనున్న మొక్కలలో పెక్కు చింబొరాజోపై కోయబడినవి కావు. 1802 మార్చిలో అంటిసానాపై కోయబడినవి. పటమునందలి ఎత్తులు కొన్ని సరిచూడనివి, కొన్ని తప్పులు. హంబోల్టు గీసినది ఒక కొండ కాదు, తాను చూచిన కొండలన్నిటిని కలిపి ఊహించిన ఒక ఆదర్శ పర్వతము. దానికి మిక్కిలి ఎత్తైనదాని పేరు పెట్టెను. తరువాతి రచనలలో ఆ అంకెలను కొంత దిద్దుకొనెను గాని, జనులకు జ్ఞాపకముండినది మొదటి పటమే.

ఆ పండితులు 2017లో అంటిసానాకే పోయిరి. హంబోల్టు, బోన్‌ప్లాన్ కోసిన మొక్కలను అవే వాలులమీద వెదకి ఎత్తులు కొలిచిరి. 215 సంవత్సరములలో అవి 215 నుండి 266 మీటర్ల వరకు పైకి ఎక్కినవని తేలెను. తొలుత చెప్పిన దానిలో ఇది సగమే. కాని అంటిసానా మొత్తము ఎత్తు 5,700 మీటర్లు దాటినను, మంచు క్రిందనుండి విడివడు రాతినేల కొద్ది. పైకి పోయినకొలది కొండ సన్నగిల్లును. 1802లో బోన్‌ప్లాన్ ఆ చలిగాలిలో వంగి కోసిన నూగుమొక్కల సంతతి ఇప్పుడు ఆ సన్నని భాగమువైపే నడచుచున్నది.